మా వెబ్‌సైట్ నోటీసుకు గుండ్రటి సీలు

ఈ రోజు గెలిచేశాం! మా యూనివర్సిటీ హిందూపురం సెంటర్ నోటీసు వెబ్‌సైట్‌లో రావాలంటే ఇన్నాళ్లూ దాన్ని సీడీలో ఎక్కించి బస్సులో మెయిన్ క్యాంపస్‌కు పంపేవాళ్లం. అది కనబడేలోగా పరీక్షే అయిపోయేది. కొత్త సిస్టంలో ఎవరి నోటీసు వాళ్లే పెట్టుకోవచ్చు. పొద్దున పరీక్ష వాయిదా నోటీసు నేనే ఎక్కించాను.

"సంతకం, సీలు లేకుంటే ఎవురు నమ్ముతారప్పా?" అన్నారు మా సూపరింటెండెంట్ మస్తాన్ సార్.

పది నిమిషాల్లో ఫోన్ మోగితే ఆయనే ఎత్తారు. పెనుకొండ నెట్ సెంటర్ నుంచి ఓ విద్యార్థిని.

"రేపు పరీక్ష లేదంట గదా సార్? వెబ్‌సైట్‌లో చూసినా. ధర్మవరంలో మావాళ్లకూ చెప్పేసినా."

సార్ ఫోన్ పెట్టేశారు. ఆ పేజీ ప్రింటు తీయించి, సంతకం చేసి, గుండ్రటి సీలేసి బోర్డుకు అంటించారు.

"ఇబ్బుడు పక్కాగా ఉండాది!"

రేపు మానిటర్ మీదే సీలేస్తారేమో. స్టాంపు ప్యాడ్ ఎక్కడ దాచాలో మీరే చెప్పండి.