బాపు లాగి చూసిన తీగలు

మా బాపు ఛత్రినాకలో రేడియో మెకానిక్. చూపు పోయేదాకా వాల్వు రేడియోలు బాగుచేశాడు. నాకు ఆ పని తన్ని నేర్పించాడు. తన్ని అంటే మాటవరసకు కాదు. తీగ కొసను రేడియో లోపలి రేకు కన్నంలో దూర్చి ముందు గట్టిగా మెలేయాలి, పటకారుతో లాగితే రాకూడదు, ఆ తర్వాతే టంకం. ఇది ఆయన పద్ధతి. లాగితే తీగ వచ్చిందా, అదే పటకారు నా వేళ్ల కణుపుల మీద పడేది. అమ్మ అడ్డమొస్తే ఆమె వీపు మీద పడేది. దెబ్బకు దెయ్యమైనా జడుస్తుందని వాడకట్టువాళ్లు నవ్వేవాళ్లు. వాళ్లనూ నేను క్షమించలేదు.

ఇంట్లో ఆయన సొంత రేడియో ఒకటి ఉంది. లోపలి నూలు తొడుగు తీగలను ఎలుకలు కొరికితే ఎవరో మెకానిక్ ప్లాస్టిక్ తీగలు వేసిపోయాడు. రేడియో పలుకుతూనే ఉంది. బాపు మాత్రం లోపల వేళ్లతో తడిమి, "ఇది నా రేడియో గాదు" అని రోజూ లొల్లి. ఆ కోపంలో అన్నం కంచం అమ్మ మీదకు విసిరేవాడు. కళ్లకు వచ్చిన ముసలితనం చేతికి రాలేదు.

చివరికి నేనే పూనుకున్నాను. అమ్మ కోసమని అందరితో చెప్పాను. అబద్ధం. నా చేతిపనిని లాగి చూసి ఆయన ఒక్కసారి, ఒకే ఒక్కసారి, మంచిగుంది అనాలి. నాకు జుట్టు నెరిసినా ఆ ఆకలి చావలేదు.

జుమేరాత్ బజార్‌లో పాతసామాన్ల అంగళ్ల దగ్గర పాడైన రేడియో సెట్లు ఏరుకొచ్చి, వాటిలోంచి నూలు తొడుగు తీగలు విప్పి తీశాను. ప్లాస్టిక్ తీగలను కోడిపేగుల్లా పీకి పారేశాను. ఎరుపున్న చోట ఎరుపు, పసుపున్న చోట పసుపు, పాత దారిలోనే పాత తీగ. ఎన్నో ఆదివారాలు అలాగే పోయాయి.

పని అయ్యాక రేడియోను బోర్లించి బాపు ముందు పెట్టాను. ఆయన పటకారు అందుకుని ఒక్కో తీగా లాగసాగాడు. ఏదీ రాలేదు. అంతలో ఒకటి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది. ఆ కన్నంలో అప్పటికే తీగలు కిక్కిరిసి ఉంటే, మెలేయకుండా టంకంతో అతికించేశాను.

"ఇది మెలేసినవా రా?"

"జాగ లేకుండె బాపూ."

పటకారు నా నుదుటి మీద పడింది. గుడ్డివాడి దెబ్బే, గురి మాత్రం తప్పలేదు. నెత్తురు కంట్లోకి కారింది. ఆయన మణికట్టు పట్టుకుని వెనక్కి విరిచాను. ఎముక కదిలినట్టు తెలిసింది, అయినా వదల్లేదు. ఆయన కేక పెట్టి రెండో చేత్తో నా గొంతు పట్టుకున్నాడు.

అమ్మ వంటింట్లోంచి కూరగాయల కత్తితో వచ్చింది. మా ఇద్దరిలో ఎవరిని పొడుస్తుందోనని నిజంగా భయపడ్డాను. ఆమె రేడియో కడుపులో కత్తి పెట్టి బరబరా కోసింది.

"దీని మీద మన్నువడ! దీనెన్క ఇంకెన్ని దెబ్బలు తినాలె నేను?"

ఏడవలేదు. కోస్తూనే ఉంది. తెగిన నూలు, రాగి కొసలు నేల మీద రాలాయి. నేను బాపు చెయ్యి వదిలేశాను, ఆయన నా గొంతు వదిలేశాడు.

బాపు తడుముకుంటూ రేడియో దగ్గరికి జరిగాడు. రేకులకు మిగిలిన మొండి కొసలను వెతికి, రెండో చేత్తో పటకారు పట్టి ఒక్కొక్కటీ లాగాడు. తీగలన్నీ నడుమకు తెగాయి. మెలేసిన చోట మాత్రం ఒక్కటీ రాలేదు.

"తెగినయ్ గానీ ఊడలే," అన్నాడు. "మంచిగ చేసినవ్ రా."

నాకు సంతోషం వేసింది. నెత్తురు కారుతున్న ముఖం మీదికి నవ్వొచ్చింది, ఆపుకోలేకపోయాను. ఎదురుగా కత్తి పట్టుకుని నిలబడిన అమ్మ ఆ నవ్వు చూసింది.