నాన్న పోయాక వెళ్ళిన సంచిక

మా చిన్నప్పుడు... తెనాలిలో మా ఇంటి ముందుగదిలో కూర్చోవడానికి చోటుండేది కాదు. మంచం మీద, మంచం కింద, కుట్టుమిషను మీద... ఎక్కడ చూసినా నాన్న నడిపే సాహిత్య మాసపత్రికే. బడిలో పాఠాలు చెప్పుకుంటూనే ఆయనే సంపాదకుడు, ఆయనే ప్రూఫులు దిద్దేవారు.

ప్రతి నెలా పదో తారీఖున కట్టలు పోస్టాఫీసులో ఇచ్చి తీరాలి. పత్రికలకు తపాలావాళ్ళు పెట్టిన రోజు అది. జ్వరమొచ్చినా, తుఫానొచ్చినా నాన్న ఆ రోజు తప్పలేదు.

ఒక నెల ఎనిమిదో తారీఖు పొద్దున్న నాన్న పోయారు... గుండెపోటు. నాకప్పుడు పదకొండేళ్ళు.

చావింట్లో మూడు రోజులు పొయ్యి వెలిగించకూడదని అన్నం పెద్దమ్మ ఇంటి నుంచి వచ్చేది. పదో తారీఖు పొద్దున్న ఆవిడ క్యారేజీ తెచ్చేసరికి మా పొయ్యి మండుతోంది.

"ఏంటే ఇది? నలుగురూ చూస్తే ఏమనుకుంటారే?"

"అన్నానికి కాదక్కా, జిగురుకి. ఇవాళ పదో తారీఖు" అంది అమ్మ, గిన్నెలో మైదాపిండి కలుపుతూ.

పెద్దమ్మ క్యారేజీ కింద పెట్టింది. తర్వాత కొంగు దోపుకుని తనూ కూర్చుని పత్రికలు మడతపెట్టింది. అమ్మ కాగితం చుట్టి అంటించేది, నేను చిరునామాలు రాసేదాన్ని. నాకు ఏడుపు రాలేదు... చిరునామా ఒక్కటీ తప్పు పోలేదు. అది తలుచుకుంటే నా మీద నాకు ఇప్పటికీ కోపమే.

మధ్యాహ్నం బాబాయి కట్టలన్నీ సైకిల్ మీద పోస్టాఫీసుకు చేర్చాడు. అచ్చు ముందే అయిపోయింది కాబట్టి నాన్న పోయినట్టు అందులో ఎక్కడా లేదు.

వారం తిరగకముందే నాన్న పేరున కార్డులు రావడం మొదలైంది. బాపట్ల నుంచి ఒకావిడ... "మీ సంపాదకీయం చదివి మా ఇంట్లో పెద్ద గొడవైందండి!" రేపల్లె నుంచి ఒక మాస్టారు... "ఈసారి అచ్చుతప్పులు ఎక్కువయ్యాయి. ఒంట్లో బాగోలేదా ఏంటండి?"

అమ్మ ఒక్కొక్కటీ చదివి నాన్న బల్ల మీద పెట్టేది. జవాబు రాయలేదు. మరుసటి నెల పదో తారీఖున పత్రికకు బదులు, నాన్న పోయారని ఒక్క కాగితం అచ్చువేయించి అందరికీ పంపింది. పత్రిక అంతటితో ఆగిపోయింది.

ఇప్పుడు ఎవరైనా పోతే తల దగ్గర దీపం పెట్టేలోపే ఫోన్లో ఫోటో, కింద వరసగా దండాల బొమ్మలు... నేనూ పెడతాను, పెట్టి మర్చిపోతాను.

మీ ఇంటికీ పోస్టులో ఏదో ఒక చిన్న పత్రిక వచ్చే ఉంటుంది. దాని గురించి రాయండి, చదువుతాను.

అప్పట్లో మాత్రం... మా ఇంట్లో పోయిన నాన్న, బాపట్లలో, రేపల్లెలో ఇంకో నెల బతికే ఉన్నారు.