టై కొలికి

మా ఆయన వడ్డించేటప్పుడు ఎడమచెయ్యి గుండె మీద పెట్టుకునేవారు. బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున కొత్తగా కట్టిన ఒక హోటల్లో ఆయనది వడ్డన పని. అక్కడ వడ్డించేవాళ్లందరికీ తెల్లచొక్కా, నల్ల టై. మధ్యాహ్నం నీళ్ల మీంచి గాలి లేచిందంటే ఆ హాల్లో కిటికీ తెరలతో పాటు టైలు కూడా ఎగిరేవి. గాలి లేనప్పుడు, వంగితే చాలు, ముందుకు వేలాడి గిన్నెలోకి తొంగిచూసేవి. దాన్ని పట్టి ఉంచడానికే ఆ చెయ్యి. ఒకసారి ఊరెళ్తూ భోజనానికి ఆగిన ఒక పెద్దావిడ గరిటె కింద పెట్టించి మరీ అడిగిందట.

"గుండెల్లో నొప్పా నాయనా? కాసేపు కూర్చోరాదూ."

ఇంటికొచ్చి చెబితే ఇద్దరం చాలాసేపు నవ్వుకున్నాం. సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. ఒంటిచేత్తో వడ్డిస్తే కుదరదన్నాడు. బజార్లో ఫ్యాన్సీ షాపుకి వెళ్లి బంగారు రంగు క్లిప్పు ఒకటి కొన్నాం. ఆ నున్నటి గుడ్డ మీద అది నిలవలేదు, జారి ఎవరి పెరుగుపచ్చడిలోనో పడింది. ఇక రెండు చేతులతో వడ్డించలేకపోయినా, టై గిన్నెలో మునిగినా లోపల గిన్నెలు తోమే చోటికి మారుస్తానని సూపర్‌వైజరు చెప్పేశాడు. జీతం మారదులే అని కూడా అన్నాడట. ఆ మాట మా ఆయనకి ఊరట ఇవ్వలేదు సరికదా, ఇంకా కుంగదీసింది. తెనాలిలో టిఫిన్ హోటల్లో పనిచేసిన రోజుల నుంచీ ఆయనకి ఒక విద్య ఉంది. మనిషి ఇడ్లీ తుంచే తీరు చూసి చట్నీ సరిపోతుందో లేదో చెప్పేవారు. గిన్నెల గదిలో ఆ విద్యతో ఏం పని?

నేను బడిలో చదివింది పదో తరగతి దాకానే. మిగతాదంతా తెనాలి గ్రంథాలయంలో చదువుకున్నాను. ఈ మాట ఎక్కడైనా చెప్పుకోవడం నాకిష్టం. బాపట్ల వచ్చాక కూడా ఆ గ్రంథాలయం వదల్లేదు. అక్కడ పుస్తకాలు ఏ బీరువాలో ఏ మూల కూర్చుంటాయో నాకు తెలుసు, చుట్టాలిళ్లలో ఎవరు ఏ గదిలో పడుకుంటారో తెలిసినట్టు. టైని పట్టి ఉంచే వస్తువు కోసం ఫోన్లో వెతికితే తళతళలాడే బొమ్మలు లెక్కలేనన్ని వచ్చాయి కానీ, అది వెనక నుంచి ఎలా పట్టుకుంటుందో ఒక్కటీ చూపించలేదు. అందుకని తెనాలి పాసింజరెక్కాను.

అప్పికట్ల, నిడుబ్రోలు దాటుతుంటే చేలల్లో నిలిచిన నీళ్లలో రైలు తలకిందులుగా మాతోపాటే వస్తోంది. ఆ కిందిరైల్లో ఎవరో ఒకామె కిటికీ పక్కన కూర్చుని నేను వెళ్లే ఊరికే వెళ్తున్నట్టు అనిపించింది. నాకు రైల్లో ఇలాంటి ఆలోచనలు వస్తాయి. దిగాక పోతాయి.

అట్ట ఊడిన పాత ఇంగ్లీషు పుస్తకం ఒకటి, బట్టల గురించి రాసింది, అక్కడ కుట్టుపని పుస్తకాల వెనక ఉంటుంది. నిఘంటువు పక్కన పెట్టుకుని పేజీలు తిప్పాను. కాలర్లు, కఫ్‌లు, టైలు. ఒక మూల చిన్న గీతబొమ్మ. ఒకే తీగ. మధ్యలో వెనక్కి మలిచి, రెండు కాళ్లూ దగ్గరగా ఆనుకునేలా నొక్కి, కొనలు గుచ్చుకోకుండా ఉంగరాల్లా చుట్టారు. జడపిన్నుకి దూరపు చుట్టంలా ఉంది. కింద రాసిన పేరులో క్లాస్ప్ అన్న మాట నాకు తెలియలేదు. నిఘంటువు తీస్తే కొలికి అని ఉంది.

కంటి కొలికి తెలుసు. పని ఒక కొలిక్కి రావడం తెలుసు. మెడలో గొలుసు రెండు కొసల్నీ కలిపే కొక్కెం కూడా కొలికేనని అప్పుడే తెలిసింది. ఇన్నేళ్లూ నోట్లో నానిన మాట వెనక ఇంత చిన్న కొక్కెం వేలాడుతోందా అని, ఆ పుస్తకం మీద చెయ్యి పెట్టుకుని అలాగే ఉండిపోయాను. పైన ఫ్యాను తిరుగుతోంది. ఎదురుబల్ల దగ్గర పేపరు చదివే పెద్దాయన నిద్రపోతున్నాడు. మధ్యాహ్నపు వెలుగు కటకటాల్లోంచి ఆయన చొక్కా మీద చారలు గీస్తోంది. బొమ్మ కింద వాక్యాన్ని కంఠస్థం చేశాను. టైని షర్ట్ ఫ్రంట్‌కి పట్టి ఉంచుతుంది, అని దాని సారాంశం.

తీగ సంగతి నాన్నకి తెలుసు. నాన్నది సముద్రం వేట. ఊరు రేపల్లె దాటాక, గాలికి ఉప్పువాసన మొదలయ్యే చోట. జంపని మీదుగా రేపల్లె రైలెక్కి, అక్కణ్ణుంచి ఆటోలో వెళ్లాను. వంజరం చేప పళ్లకి దారం తెగిపోతుందని గాలానికి పైన కట్టే సన్నటి స్టీలు తీగ ఒకటుంటుంది. వంచితే వంగుతుంది, వదిలితే లేస్తుంది, ఉప్పుగాలికి తుప్పు పట్టదు. సంగతంతా విన్నాక నాన్న కటింగ్ ప్లేరు తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

"వంజరానికే లొంగని తీగమ్మా ఇది. మీ ఆయన్ని పట్టుకోడానికా?"

"ఆయన్ని కాదు నాన్నా, ఆయన టైని."

"టై దొరికితే మనిషి దొరికినట్టేగా."

అమ్మ లోపలి నుంచి, అల్లుణ్ణి గాలానికి తగిలిస్తున్నారా తండ్రీకూతుళ్లు, అని దెప్పింది. నేను గాల్లో వేలితో గీసి చూపిస్తే, నాన్న దాన్ని తీగతో గీశాడు.

నేను తిరిగొచ్చిన మర్నాడు మా ఆయన దాన్ని పెట్టుకుని గర్వంగా వెళ్లారు. టై ముందుపొర, వెనకపొర కలిపి కొలికి గట్టిగా పట్టుకుంది. ఆ రెండూ కలిసి ఒక్కటై ఊగి, చేపల పులుసులో పడ్డాయి.

ఇంటికొచ్చాక టై విప్పి బకెట్లో వేసి, ఆయన గుమ్మంలో కూర్చున్నారు. ఆదివారం మధ్యాహ్నం రద్దీలో సూపర్‌వైజరు దగ్గరుండి చూస్తాడట. అప్పుడూ ఇలాగే అయితే సోమవారం నుంచి గిన్నెల దగ్గరే. నా పుస్తకాన్ని ఆయన ఏమీ అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఇది ఒక కొలిక్కి వచ్చేలా లేదే" అన్నారంతే. ఆ మాటలో ఏముందో ఆయనకి తెలియదు.

ఆ వాక్యాన్ని పొద్దస్తమానం నోట్లోనే తిప్పుకున్నాను. అందులో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు. షర్ట్ అంటే చొక్కా, ఫ్రంట్ అంటే ముందు. చొక్కాకి ముందువైపు పెట్టుకోవాలన్న మాట, పెట్టాం. శనివారం పొద్దున దండెం మీద ఆయన తెల్లచొక్కా ఆరేశాను. గుండీలు పెట్టి ఆరేస్తాను, ముడతలు పడవని. గాలి వచ్చి రెండు గుండీల మధ్య సందులోంచి లోపలికి దూరింది. చొక్కా నిండుగా పొంగింది, లోపల ఎవరో మెల్లగా ఊపిరి తీసుకుంటున్నట్టు. ఆ సందుకేసి చూస్తూ నిలబడ్డాను. బయట ఒక పొర, లోపల ఖాళీ, మధ్యలో గుండీల పట్టీ. వేలు పెట్టి చూశాను, దూరింది. వేలు దూరిన చోట తీగ దూరదా? షర్ట్ ఫ్రంట్ అంటే చొక్కా ముందు కాదు. చొక్కాకుండే ముందుభాగం. అదీ ఒక గుడ్డే, దాన్నీ కలిపి పట్టుకోవాలి. రెండు చిన్న మాటలు తెలుసు కదా అని నేను నిఘంటువు తియ్యలేదు.

తీగ కాళ్లు కొంచెం ఎడం చేశాను. ఒక కాలు గుండీల పట్టీ వెనక్కి, ఒకటి టై మీదికి. ఆయన్ని నిలబెట్టి, దాన్ని అలా పెట్టి, వంగమన్నాను. వంగారు. ఇంకా వంగమన్నాను.

"ఇంకా వంగితే నీ కాళ్లకి దణ్ణం పెట్టినట్టుంటుందే" అన్నారు.

టై ఆయన ఛాతీని వదల్లేదు.

ఆదివారం ఇంట్లో ఉండలేకపోయాను. చెప్పకుండా వెళ్లి, హోటలుకి ఎదురుగా సరుగుడు చెట్ల నీడలో ఇసుక మీద కూర్చున్నాను. అద్దాల తలుపులు తీసి ఉన్నాయి. లోపలి మాట ఒక్కటీ వినపడదు. సరుగుళ్ల హోరు, దాని వెనక సముద్రపు హోరు. రెండూ కలిసి చెవుల్ని నింపేస్తే, హాల్లో మనుషులు నీళ్లడుగున కదులుతున్నట్టున్నారు. తెరలు లేచాయి. మిగతావాళ్ల టైలు భుజాల మీదికి ఎగిరాయి. మా ఆయన రెండు చేతులతో అన్నం గిన్నె పట్టుకుని ఒక బల్ల నుంచి ఇంకో బల్లకి వెళ్తున్నారు. వంగుతున్నారు, లేస్తున్నారు. తినేవాళ్లు విస్తళ్లకేసి చూసుకుంటున్నారు, పిల్లలకి ముద్దలు పెడుతున్నారు. ఆయన టైని ఎవరూ చూడలేదు. అంత సంతోషం నాకు ఎవరూ దేన్నీ చూడకపోవడంలో ఇంకెప్పుడూ కలగలేదు.

గుమ్మం దగ్గర నిలబడ్డ సూపర్‌వైజరు కాసేపు చూశాడు. తర్వాత ఏదో చెప్పి, పందిరి కింద వేసిన బయటి బల్లలకేసి చెయ్యి చూపించాడు. గాలి మరీ ఎక్కువగా ఉండే చోటు అది, ఇన్నాళ్లూ మా ఆయన్ని అటు పంపనేలేదు. మా ఆయన తలూపి, అన్నం గిన్నెతో ఆ ఎండలోకి, ఆ గాలిలోకి నడిచి వచ్చారు. ఆయనకీ నాకూ మధ్య కొంచెం ఇసుక మాత్రమే ఉంది. తలెత్తితే కనిపించేదాన్నే. ఆయన తలెత్తలేదు. అన్నం వడ్డిస్తున్నారు.