ఏనుగు పేరు రాసిన ముసలాయన

వనపర్తిల డిగ్రీ చదివేటప్పుడు నాకు రోమ్ పిచ్చి పట్టింది. మాది పెద్దమందడి దగ్గర ఒక పల్లె. పల్లికాయ ఏసేటోళ్ళం, బోరు నీళ్ళు పారినంత మేర వరి. మా ఇంట్ల డిగ్రీ దాక వచ్చిన మొదటి మనిషిని నేనే. బి.ఏ. హిస్టరీ, తెలుగు మీడియం. రెండు వేల సంవత్సరం దాటి కొన్నేండ్లయిన రోజులు. అప్పటికి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ అన్నీ కలిపి ఒకటే పాలమూరు జిల్లా.

మాకు చరిత్ర చెప్పే సారు, ఫలానా యుద్ధం ఫలానప్పుడు అయింది, రాసుకోండ్రి అని ఊకుండేటోడు కాదు. "ఈ సంగతి మనకెట్ల తెలిసింది? ఎవరు రాసిండ్రు? వాడు చూసి రాసిండా, విని రాసిండా?" అని అడుగుతుండె. క్లాసుల సగం మందికి అది విసుగు. నాకు మాత్రం ఆ అడుగుడే మస్తు నచ్చుతుండె. రాజుల కంటె రాజుల గురించి రాసినోళ్ళే నాకు దగ్గరోళ్ళ లెక్క అనిపిస్తుండ్రి.

ఒకనాడు సారు రోమ్ పాఠంల ఒక ముసలాయన కథ చెప్పిండు. రోమ్ వాళ్ళు మొదట్ల తమ చరిత్రను తమ భాషల రాసుకోలేదంట, గ్రీకుల రాసిండ్రంట. చదువన్నా గౌరవమన్నా అప్పుడు గ్రీకుదే. వాళ్ళ ఇంటి భాష లాటిన్ అయితే, దాంట్ల చరిత్ర పుస్తకం రాయొచ్చని ఎవరికీ తోచలే. ఈ ముసలాయన పల్లెల ఎవుసం చేసుకుంట పెరిగినోడు. మీసాలు రాకముందే యుద్ధానికి పోయిండు. రోమ్‌కు సముద్రం అవతలి శత్రురాజ్యం కార్తేజ్, దాని సేనాపతి ఏనుగులను తోలుకొని మంచుకొండలు దాటి రోమ్ మీదికి వచ్చిన యుద్ధం అది. తర్వాత పెద్ద పెద్ద పదవులు చేసి, ముసలితనంల కూసొని, రోమ్ చరిత్రను లాటిన్‌ల రాసిండు. వచనంల అట్ల రాసినోళ్ళల్ల ఆయనే మొదలు.

"ఇంకో తమాషా ఉన్నది. ఆ పుస్తకంల ఏ సేనాపతి పేరూ రాయలే. గెలిచినోని పేరు లేదు, ఓడినోని పేరు లేదు. పేరు పెట్టి రాసింది ఒక ఏనుగును. కార్తేజ్ దండుల అన్నిటికంటె గట్టిగ కొట్లాడిన ఏనుగు. ఒక దంతం ఇరిగిపోయి ఉండె. దాని పేరు సూరస్" అన్నడు సారు.

నేను లేచి అడిగిన. "శత్రువుల ఏనుగు కదా సార్?"

"అవును."

"తమ సేనాపతుల పేర్లు ఇడిచిపెట్టి శత్రువు ఏనుగు పేరు రాసిండా?"

"రాసిండు. ఆ పుస్తకం ఇప్పుడు లేదమ్మా. వేరేవాళ్ళు తమ పుస్తకాలల్ల చెప్పుకున్న తునకలే మిగిలినయి. ఆ తునకలల్ల ఏనుగు మిగిలింది."

ఆ నెలనే నాగర్‌కర్నూల్‌ల కాలేజీల మధ్య ఉపన్యాస పోటీ పడ్డది. 'చరిత్రలో నాకు నచ్చిన వ్యక్తి' అని విషయం. మా కాలేజీ నుంచి నా పేరు ఇచ్చిండ్రు. నేను ముసలాయన మీదనే చెప్త అన్న. సారు సంబరపడ్డడు, ఎంబడే ఒక మాట గూడ చెప్పిండు. "స్టేజీ మీద వచ్చిండు, పోయిండు అనకమ్మా. మార్కులు పోతయి. పుస్తకంల తీరు మాట్లాడు."

సారు నా మేలు కోరే చెప్పిండు. ఆయన గూడ అట్లనే నేర్చుకున్నడు.

నేను పుస్తకాల తెలుగుల నాలుగు పేజీలు రాసి బట్టీ కొట్టిన. ఒకనాడు సాయంత్రం మా నాయిన, మా నాయిన తల్లి మా అవ్వ, యాసంగి పంట విత్తనానికి పల్లికాయలు ఒలుచుకుంట కూసున్నరు. వాళ్ళ ముందల నిలబడి "సభాసదులందరికీ నమస్సుమాంజలులు" అని మొదలువెట్టి ఆఖరుదాక అప్పజెప్పిన.

అవ్వ అన్నది, "మంచిగనే ఉన్నది బిడ్డా. పంతులు మంత్రం సదివినట్ల. ఇంతకు ఏం జెప్పినవు?"

నాకు నవ్వొచ్చింది, జర రోషం గూడ వచ్చింది. వాళ్ళ పక్కన కూసొని, నేను గూడ కాయలు ఒలుచుకుంట, మన మాటల చెప్పిన. ముసలాయన ఎట్ల పెరిగిండు, యుద్ధానికి ఎట్ల పోయిండు, కొడుకు చదువుకోవాలని చరిత్రను పెద్ద పెద్ద అక్షరాలతోని తన చేత్తోనే ఎట్ల రాసిచ్చిండు, అన్నీ. ఏనుగు కాడికి వచ్చేసరికి అవ్వ చెయ్యి ఆగింది. "అయ్యో, ఒంటి దంతందా? దాన్ని సంపిండ్రా?" అని అడిగింది.

"ఏమయిందో ఎవరూ రాయలేదవ్వా."

"పేరన్న రాసిండు. మంచోడే."

నేను ఆడికి ఆపొచ్చు. కని లైబ్రరీ పుస్తకంల చదివింది ఇంకోటి ఉండె, దాన్ని గూడ చెప్పిన. అదే ముసలాయన ఎవుసం గురించి రాసిన పుస్తకంల, ముసలి ఎద్దును అమ్మెయ్యాలె, ముసలి బానిసను గూడ అమ్మెయ్యాలె అన్నడు.

అవ్వ మొఖం మారిపోయింది. "మనిషినా? ముసలైందని మనిషిని అమ్ముమన్నడా? పాపిష్టోడు! వాని గురించి నువ్వు నాగర్‌కర్నూల్ పోయి చెప్తవా?"

"వాడు చేసిన ఒక పని మంచిదవ్వా. వాడు మంచోడని నేను చెప్త లేను."

"అయితే ఇది గూడ చెప్పు. దాయకు."

మా నాయిన పల్లిపొట్టు ఊదుకుంట, "ఆ దినం నేనొస్త" అన్నడు. నన్ను చేర్పించిన దినం తప్ప నాయిన నా కాలేజీ మొఖం చూడలే. ఆయన వస్త అనంగనే నేను ఆ నాలుగు పేజీలు మళ్ళ ముందలేసుకున్న.

పోటీ ఒక కాలేజీ హాల్ల పెట్టిండ్రు. ముందు వరుసల ముగ్గురు జడ్జీలు, వాళ్ళ ఎనుక సార్లు, మేడమ్‌లు, ఎనుక బెంచీల నిండ పిల్లలు. అందరికంటె ఎనుక, తలుపు పక్కన, తెల్లరుమాలు తలకు సుట్టుకొని మా నాయిన. నా కంటె ముందు చెప్పినోళ్ళు దేశనాయకుల గురించి చెప్పిండ్రు. అందరి మాట ఒకటే తీరు, ఒకటే రాగం.

నా పేరు పిలిచిండ్రు. "సభాసదులందరికీ నమస్సుమాంజలులు" అన్న. రెండో మాట అన్న. మూడోది రాలే. నాలుగు పేజీలల్ల ఒక్క ముక్క గూడ యాదికి వస్త లేదు. ఎనుక పిల్లలు నవ్వుడు మొదలువెట్టిండ్రు. అప్పుడు నాకు మా నాయిన మొఖం కనపడ్డది. ఆయన నవ్వలే, పరేషాన్ గాలే. చెప్పు బిడ్డా అన్నట్ల, పల్లికాయలు ఒలుచుకుంట విన్నప్పుడు ఎట్ల చూసిండో అట్లనే చూస్తుండు.

"ఒక ముసలాయన ఉండె" అన్న. "రోమ్‌ల. ఎవుసం చేసుకునేటోడు."

ఇగ ఆగలే. కథల ఏనుగులు మంచుకొండ ఎక్కేటప్పుడు ఒక జడ్జీ సారు చెయ్యి ఎత్తి ఆపిండు. పెద్ద వయసాయన. "విషయం బాగుందమ్మా. కానీ చరిత్ర చెప్పేటప్పుడు శుద్ధమైన భాష వాడాలి. ఇది వేదిక, ఇల్లు కాదు" అన్నడు.

మా సారు తల వంచుకున్నడు. కని ఆ మాటకు జవాబు నేను చెప్తున్న కథలనే ఉండె.

"సార్, ఈ ముసలాయన కథ గూడ గదే సార్. రోమ్‌ల గూడ చరిత్ర అంటె గ్రీకుల రాయాలె అనుకున్నరు. ఒకాయన గ్రీకుల చరిత్ర రాసి, తప్పులుంటె మన్నించండ్రి, ఇది నా భాష కాదు అని మొదట్లనే రాసుకున్నడంట. ఈ ముసలాయన నవ్విండంట సార్, నిన్నెవరు బలవంతం చేసిండ్రు అని. నేను నా మాటల చెప్తె తప్పులు రావు సార్. మొత్తం విన్నంక మార్కులు తియ్యిండ్రి."

మాట నోట్లకెళ్ళి వచ్చినంక భయమైంది. పెద్దాయన కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. పక్కన కూసున్న మేడమ్ "చెప్పమ్మా" అన్నది. నేను చెప్పిన. ఏనుగు పేరు చెప్పిన. ముసలి బానిసను అమ్ముమన్న మాట గూడ చెప్పిన. "చరిత్ర రాసినోడు గూడ మనిషే, వాడు రాసింది చదవాలె, వాన్ని గూడ చదవాలె" అని ముగించిన. ఎనుక బెంచీల కెళ్ళి చప్పట్లు మొదలైనయి.

నాకు సెకండ్ ప్రైజ్ వచ్చింది. బహుమతులు ఇచ్చేటప్పుడు ఆ పెద్దాయన మైకు తీసుకొని, "భాషకు మార్కులు తగ్గించింది నేనే. నా పద్ధతి నాది. అయితే ఈ అమ్మాయి చెప్పిన ఒక్క సంగతి కూడా నేను మర్చిపోలేను" అని అందరి ముందల చెప్పిండు. ఫస్ట్ రాలేదన్న బాధ నాకు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మా సారు నా దగ్గరకొచ్చి, "నా మాట ఇనకపోవుడే మంచిదైంది" అన్నడు.

వనపర్తి బస్సుల నాకు కిటికీ పక్కన సీటు ఇచ్చి నాయిన అవతల కూసున్నడు. బిజినేపల్లి దాటినంక అడిగిండు, "ఆ సారు ఆపినప్పుడు భయం గాలేదా?"

"మస్తు అయింది నాయినా."

"కనపడలే" అన్నడు.

కొంచెంసేపటికి ఆయన పక్కన నిలబడ్డ మనిషి, ఏడికి పోయొస్తున్నరని అడిగిండు. నాయిన మొదలువెట్టిండు. రోమ్ అని ఒక దేశం ఉండెనంట అన్నడు. ఏనుగుల దండు చెప్పిండు, గ్రీకు సంగతి చెప్పిండు. మంచుకొండలు ఎట్లుంటయో తెల్వక మా దిక్కు గుట్టల తీరు వర్ణించిండు. నేను సరిచెయ్యలే, కిటికీల కెళ్ళి చూసుకుంట ఇన్న. ఆ మనిషి "ఇవన్నీ నీకెట్ల తెలుసన్నా, ఏం చదువుకున్నవు?" అని అడిగిండు.

"నేనేం చదువుకోలే. నా బిడ్డ చెప్పింది" అన్నడు మా నాయిన, బస్సంత ఇనపడేటట్ల.

కొన్నేండ్లకు నేను గద్వాల కాలేజీల చరిత్ర చెప్పే ఉద్యోగంల చేరిన. మగ్గాల ఇండ్ల కెళ్ళి, ధరూర్ దిక్కు పల్లెల కెళ్ళి వచ్చిన పిల్లలు నా ముందల కూసున్నరు. మొదటి దినం పాఠం రోమే. మా ఇంటి మాటలల్లనే చెప్పిన. గంట కొట్టినంక గూడ ఎవరూ లేవలే.