లైన్లు వెతికిన ఓబులేసు మామ

మొన్న ఆదివారం మార్కాపురంలో సెలూన్ కుర్చీలో కూర్చున్నాను. ముఖం నిండా చల్లటి నురగ, ముక్కులోకి దాని నిమ్మకాయ వాసన, చెవి పక్కన కత్తి గరగర. సెలూనాయన కత్తి ఆపి, అద్దంలో నన్ను చూస్తూ, "సార్, గడ్డానికి లైన్ పెట్టమంటారా?" అన్నాడు. "ఏంది? మళ్లీ చెప్పు!" అని నేను కుర్చీలోంచి ఒక్క ఎగురు ఎగిరాను. "అయ్యో, కదలబాకండి సార్, తెగుద్ది! లైన్ సార్, లైన్. చెంప మీద గీత గీసినట్టు గడ్డాన్ని నిలబెడతాం గదా, అది. ఇప్పుడందరూ పెట్టిచ్చుకుంటుండారు." దొరికింది! ఇన్నాళ్లకు కొత్తది దొరికింది! నురగ ముఖంతోనే జేబులోంచి ఫోను లాగి, పేర్లు జరుపుకుంటూ ఓబులేసు మామ పేరు దాకా వెళ్లాను. అప్పుడు గుర్తొచ్చింది, మామ పోయి ఏడాది దాటిందని. ఆ నంబరు తీసెయ్యడానికి నాకింకా చేతులు రాలేదు. ఆ పూట గడ్డానికి లైను పెట్టించుకునే ఇంటికి పోయాను. మా ఆవిడ చూసి, నవ్వలేక గడప మీద కూలబడింది.

ఓబులేసు మామ నాకు చుట్టం కాదు. కరెంటు ఆఫీసులో నేను కొత్తగా చేరినప్పుడు నన్ను తర్లుపాడు వైపు వేశారు. అక్కడ లైన్ ఇన్‌స్పెక్టరు ఆయన. మొదటి రోజే నన్ను కిందికీ మీదికీ చూసి, "కాశయ్యా నీ పేరు? ఇంక నేను మామను, నువ్వు అల్లుడివి. సారూ గీరూ అంటే స్తంభానికి కట్టేస్తా" అన్నాడు. పొట్టి మనిషి. మే నెల ఎండలో కూడా మణికట్టు దాకా చొక్కా చేతులు దించి గుండీ పెట్టుకునేవాడు. ఏడో తరగతితో చదువు మానేశాడు గానీ, ఒకే ఒక్క ఇంగ్లీషు మాట మీద ఆయనకున్న పిచ్చి ఏ పెద్ద చదువు చదివినవాళ్లకూ ఉండదు. ఆ మాట 'లైను'. "తెల్లోడు మనకాడ వదిలిపెట్టి పోయిన మాటల్లో ఇంత పని చేసే మాట ఇంకోటి లేదురా అల్లుడా. ఎద్దు మాదిరి. మడకకు కట్టినా పోతది, బండికి కట్టినా పోతది" అనేవాడు. జనం ఆ మాటను ఎన్ని పనులకు వాడతారో అన్నీ పోగు చేసేవాడు. ఆఫీసు సామాన్ల గది తలుపు లోపలివైపు సుద్దముక్కతో రాసిపెట్టేవాడు. కొత్తది తెచ్చినవాళ్లకు ఆయన ఖర్చుతో టీ, రెండు బజ్జీలు. అయితే మనం కల్పించకూడదు. ఎవరో ఒకరు వాళ్ల పని మీద వాళ్లు మాట్లాడుకుంటుంటే చెవిన పడాలి.

బజ్జీలకు పడి మొదలుపెట్టాను గానీ, వారం తిరక్కుండానే నాకూ ఆ పిచ్చి పట్టింది. మీటరు చూడటానికి ఏ ఇంటికి పోయినా చెవులు రిక్కించుకునే ఉండేవాణ్ణి. రైలు పట్టాల పక్క పొలంలో ఒక ముసలమ్మ, "మా చేను లైను అవతల నాయనా" అంది. పట్టుకున్నాను! బస్టాండులో డ్రైవరొకాయన, "నేను పామూరు లైన్లో తిరుగుతుండా" అన్నాడు. పట్టుకున్నాను! కిరాణా దుకాణంలో గుమస్తా ఏడని అడిగితే, "వెలిగండ్లకు లైనుకు పోయినాడు, సరుకు వేసి రావడానికి" అన్నారు. పలకల ఫ్యాక్టరీలో రాయి కొయ్యబోయే ముందు గీసే గీత లైను. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలు పెట్టేది లైను, ఆ కుళాయికి నీళ్లొచ్చేదీ లైనే. "మా లైన్లో నాలుగో ఇల్లు" అంటే వీధి. తాగుడు మానేసిన అల్లుడి గురించి ఒక అత్తగారు, "ఇప్పుడు లైన్లో పడినాడులే" అంది. కాలేజీ గేటు కాడ ఒకడు ఇంకొకణ్ణి, "ఆ పిల్లకు లైన్ వేస్తుండావంట గదా" అని ఎగతాళి చేస్తుంటే విని, పరుగెత్తుకుంటూ వచ్చి మామకు చెప్పాను. ఆయన సుద్దముక్క పట్టుకుని ఐదు నిమిషాలు సిగ్గుపడి, "ఇది తలుపు కింద భాగంలో రాస్తాలే, ఏఈ గారు చూడని చోట" అన్నాడు. జాకెట్టుకు వేసే లైనింగ్ గుడ్డను మాత్రం ఒప్పుకోలేదు. "అది దాని తమ్ముడు. తమ్ముణ్ణి తెచ్చి అన్న పేరు చెప్తే టీ ఇయ్యను." ఆన్‌లైను మీద మాకు రెండు రోజులు మాటల్లేవు. మూడో రోజు ఆయనే టీ తెప్పించాడు.

ఇంత సంబరంలోనూ నాకొక గుబులుండేది. మా నాయన గొర్రెలు కాస్తాడు. మా ఇంట్లో నెల జీతం ముఖం చూసిన మొదటివాణ్ణి నేనే. స్తంభమెక్కి నిలబడితే దూరంగా నల్లమల, కింద చిన్నచిన్నగా మనుషులు, నేను దిగి చెయ్యెత్తగానే ఊరంతా లైట్లు. ఆ కొలువంటే నాకు ప్రాణం. అంతలో పక్క మండలంలో నా ఈడువాడే ఒకడు తీగ పట్టుకుని, చెయ్యి కాలి ఆసుపత్రిలో పడ్డాడు. ఆ కబురు వినగానే మా అమ్మ ఆటో ఎక్కి నేరుగా ఆఫీసుకు వచ్చింది. "కొలువొద్దు, ఏమొద్దు. గొర్లు కాసుకుని బతుకుతాడు. నా కొడుకును నాకు పంపు" అంది. మామ నిదానంగా, "అక్కా, రోజూ నీ కొడుకును క్షేమంగా ఇంటికి చేర్చే పూచీ నాది. ఒక్కరోజు చేర్చకపోయినా చెప్పు తీసుకుని కొట్టు" అన్నాడు. మా అమ్మ ఆయన ముఖంలోకి చూసి, "కొట్టిచ్చుకోడానికి నువ్వుంటావులే. నా కొడుకు ఉండాల గదా" అంది. మామ చొక్కా ఎడమచేతి గుండీని తడుముకున్నాడు. చివరికి మా అమ్మే, "వానలు పడేదాకా చూస్తా. అప్పటికి నాకు ధైర్యం రాకపోతే తోలుకపోతా" అని లేచింది.

ఆ మర్నాటి నుంచి మామ నన్ను నీడలా కనిపెట్టుకున్నాడు. పని మొదలుపెట్టే ముందు సబ్‌స్టేషనుకు ఫోను చేసి కరెంటు తీయించుకోవాలి, దాన్ని లైన్ క్లియర్ అంటారు. అది మాకందరికీ తెలిసిందే. మామ దగ్గర ఇంకొకటి ఉండేది. ఆయన బండి సంచిలో ఎప్పుడూ ఒక ఇనుప గొలుసు, ఒక ఊచ. ఊచను తడినేలలో దిగగొట్టి, గొలుసు ఒక కొస దానికి కట్టి, రెండో కొస తీగల మీదికి విసిరేవాడు. ఎక్కడైనా దొంగతనంగా కరెంటు మిగిలి ఉంటే ఆ గొలుసు గుండా భూమిలోకి పోతుంది. గొలుసు పడ్డాకే స్తంభం మీద కాలు పెట్టనిచ్చేవాడు. "ఊరంతా కరెంటు తీసేసినాక ఇది ఎందుకు మామా, పావుగంట దండగ" అని నేను సణిగేవాణ్ణి. "కరెంటు లేదని నీకు ఫోను చెప్పింది. నాకు గొలుసు చెప్పాల" అనేవాడు.

మే నెలాఖరులో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలిదుమ్ము లేచింది. రేకులు ఎగిరాయి, కొమ్మలు విరిగాయి, బజారు వీధిలో ఒక తీగ తెగి వేలాడింది. మామ రెండు మైళ్ల అవతల విరిగిన స్తంభం దగ్గర ఉన్నాడు. ఫోనులో, "నువ్వు పోయి ట్రాన్స్‌ఫార్మర్ కాడ స్విచ్చి దించి పెట్టు. నేనొచ్చేదాకా ఎక్కబాకు" అన్నాడు. పోయాను, దించాను, సబ్‌స్టేషనుకు కూడా చెప్పాను. బజారులో జనం మూగారు. ఉక్కపోత. దుకాణాల వెనక నాలుగైదు జనరేటర్లు డుబడుబమని మోగుతున్నాయి. కూల్‌డ్రింకులు, ఐస్‌క్రీములు అమ్మే కోటయ్య శెట్టి నాకు చల్లటి సోడా తెచ్చిచ్చి, "కాశన్నా, రెండు నిమిషాల పని గదా. నువ్వుండగా ఓబులేసు దాకా ఎందుకు?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు "అవునవును" అన్నారు. ఆ మాట నాకెంత తియ్యగా తగిలిందో ఇప్పుడు చెప్పుకోవాలంటే సిగ్గు. గొలుసు మామ సంచిలో ఉంది. స్విచ్చి నా చేత్తో నేనే దించాను గదా, ఇంక భయమేంటి? ఎక్కాను.

పైకి చేరి, నడుముకు తాడు బిగించుకుని, తీగ కోసం చెయ్యి చాచాను. జానెడు దూరం. అప్పుడే వీధి మొదట్లోంచి బండి హారను, దాన్ని మించి మామ గొంతు: "ఒరేయ్! చెయ్యి ఎనక్కి తీయ్! తీయ్‌రా!" ఆ గొంతుకు చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. మామ బండిని నేల మీద పడేసి, ఒక దుకాణం ముందున్న బిందెడు నీళ్లు మట్టిలో గుమ్మరించి, ఊచ దిగగొట్టి, గొలుసు విసిరాడు. ఫట్‌మని నీలంగా ఒక మెరుపు. కాలిన వాసన. శెట్టి దుకాణం వెనక జనరేటరు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నేను స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకుని అక్కడే ఉండిపోయాను. నన్ను కిందికి దించడానికి మామే ఎక్కాల్సి వచ్చింది.

జరిగిందేమిటంటే, శెట్టి మెయిను స్విచ్చి దించకుండా, రెండు కొసలా పిన్నులున్న వైరు ఒకటి చేయించుకుని, జనరేటరును నేరుగా ఇంట్లో ప్లగ్గులో గుచ్చేశాడు. ఐస్‌క్రీములు కరుగుతాయని ఆయన తొందర. ఆ కరెంటు ఫ్రిజ్జుకు పోయినంత సులువుగా మీటరు దాటి వీధి తీగల్లోకీ వచ్చింది. మా ప్రాంతంలో అప్పట్లో సగం దుకాణాల్లో ఇదే పద్ధతి. విషయం అర్థమయ్యాక శెట్టి మెట్ల మీద కూలబడ్డాడు. "నా చేత్తో సోడా ఇచ్చి ఎక్కిచ్చినా గదా ఓబులేసూ" అని ఏడ్చాడు. మామ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఆ వైరు తెప్పించి, కటింగ్ ప్లేయరుతో నాలుగు ముక్కలు చేసి, పక్క దుకాణంలోకి నడిచాడు. చీకటి పడేలోపు బజారులో అట్లాంటి వైరు ఒక్కటీ మిగల్లేదు.

నన్ను బండి వెనక ఎక్కించుకుని మా ఊరికి బయలుదేరాడు. దారంతా బతిమాలాను. "మామా, అమ్మకు చెప్పొద్దు. వానలు దగ్గరికొచ్చినాయి. తెలిస్తే నా కొలువు పాయె." ఆయన బండి ఆపకుండానే, "మాట ఇచ్చింది నేను. ఆమెకు అబద్ధం చెప్పి నిన్ను ఉంచుకోవాల్నా?" అన్నాడు. ఇంటికి పోయి, నులకమంచం మీద కూర్చుని, ఏదీ దాచకుండా చెప్పేశాడు. "తప్పు వానిది సగం, ఆలస్యంగా వచ్చిన నాది సగం అక్కా" అన్నాడు. మా అమ్మ నా పక్కన కూర్చుని, నా కుడిచేతి వేళ్లు ఒక్కొక్కటే ఒత్తి చూసింది. అన్నీ చూసినాక, "ఎక్కబాకని ముందే చెప్పినావంటే, వీడు ఎక్కుతాడని నీకెట్ల తెలుసు?" అని అడిగింది. మామ ఎడమచేతి గుండీ విప్పి చొక్కా మోచేతి దాకా మడిచాడు. మణికట్టు నుంచి పైదాకా చర్మం ముడతలు పడి, మెరుస్తూ ఉంది. "వీని వయసులో నేనూ ఎక్కినా. నాకు ఎవరూ అడ్డం రాలేదు" అన్నాడు. అప్పుడు ఆ చేతిని చూసి నేను వెక్కివెక్కి ఏడ్చాను. మా అమ్మ లేచి, ఇద్దరికీ సంగటి పెట్టి, "రేపు ఎన్నింటికి రమ్మంటావు వీన్ని?" అంది.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆయన కిందే పనిచేశాను. తలుపు నిండిపోతే గోడ మీద రాసుకున్నాం. మామ పదవీ విరమణ చేసిన రెండేళ్లకు జబ్బు పడి ఒంగోలు ఆసుపత్రిలో చేరితే చూడ్డానికి పోయాను. మనిషి సగమయ్యాడు. నర్సమ్మ వచ్చి, "పెద్దాయనా, చెయ్యి ఇట్లియ్యి, లైన్ పెట్టాల" అంది. మామ దిండు మీది నుంచి తల ఎత్తాడు. కళ్లు ఒక్కసారి వెలిగాయి. "అల్లుడా! విన్యావా? సెలైను సూదిని గూడా లైనంటారంట!" అని అరిచాడు. ఆమె బెదిరిపోయింది. "ఈ అమ్మకు టీ, రెండు బజ్జీలు ఇప్పియ్యి" అన్నాడు. ఇప్పించాను. ఆమె ఎందుకో తెలియకుండానే తిన్నది. అదే ఆయన నాతో చివరిసారి నవ్వడం. పది రోజులకు పోయాడు.

ఇప్పుడు లైన్ ఇన్‌స్పెక్టరును నేను. నా కింద నలుగురున్నారు, అందరూ పాతికేళ్ల లోపువాళ్లే. పని అయిపోయి ఇల్లు చేరాక, కాళ్లు కడుక్కోకుండానే వసారాలో నిలబడి ఇల్లు చేరారా అని నలుగురికీ వరసగా ఫోను చేస్తాను. వాళ్లకు నవ్వులాట. వెనక నుంచి, "సార్‌కు చాదస్తం" అనడం కూడా వినిపిస్తుంది. అననీ. నిన్న గాలివాన. ముగ్గురు ఎత్తారు, నాలుగోవాడు ఎత్తలేదు. మళ్లీ చేశాను. మళ్లీ చేశాను. చెవిలో రింగు మోగుతున్నంతసేపూ ఆ నీలం మెరుపే కళ్ల ముందు. చివరికి వాళ్లమ్మ ఎత్తింది. "ఎవరూ? సారుగారా? వాడు అన్నం తింటుండాడు నాయనా, పిలవాల్నా?" అంది. వద్దమ్మా, తిననియ్యమన్నాను.