ఆయనకు మాట వచ్చేదాకా

మొన్న పొద్దున మా అమ్మాయి వాళ్ల మేడ మీద వడియాలు పెడుతుంటే పక్కింటి వరండాలో ఒక చిన్నపిల్ల మారాం చేస్తూ కనిపించింది. ఇంకా బడిలో వేయని పిల్ల, తన అంగి తానే తొడుక్కుంటానని పేచీ. వాళ్లమ్మ మెత్తగానే చెబుతోంది, అంగి అనకూడదు, షర్ట్ అనాలి అని. ఆ పిల్ల కాసేపు ఆలోచించి మళ్లీ అంగి అనే అంది. తల్లి మళ్లీ దిద్దింది. నేను పిండి చేతులతో అట్లాగే నిలబడిపోయాను. ఆ ఒక్క మాట నన్ను నల్గొండలోని ఈ మేడ మీది నుంచి లాక్కుపోయి, పాలమూరులో మేము కాపురమున్న ఇంటి ముందర, మా వారు కుర్చీ వేసుకుని కూర్చునే వసారాలో దింపింది.

మా వారు తెలుగు సారు. ఊరంతా ఆయనను సారు అనేది, విని విని నేనూ సారు అనే అనేదాన్ని. రామన్నపేట అవతల ఒక పల్లెలో, గొర్లు కాసుకుని బతికే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో అందరికంటే ముందు బడికి పోయిన మనిషి. పంతులు ట్రైనింగుకు పోయినప్పుడు ఆయన నోరు తెరిస్తే తోటివాళ్లు నవ్వేవారట. ఆ నవ్వును ఎదుర్కోవడానికి ఆయన పుస్తకంలో ఎట్లా ఉంటే అట్లా మాట్లాడటం నేర్చుకున్నారు. ఎంత గట్టిగా నేర్చుకున్నారంటే, జ్వరమొచ్చి పలవరించినా ఆయనకు వ్యాకరణం తప్పేది కాదు.

నేను ఏడో తరగతితో బడి మానినదాన్ని. పెండ్లయిన కొత్తలో వాన వస్తాంది అంటే వస్తోంది అనాలని దిద్దేవారు. అందులో కోపం గానీ చిన్నచూపు గానీ ఉండేది కాదు, బియ్యంలో రాళ్లు ఏరినంత మామూలుగా నా మాటల్లో తప్పులు ఏరేవారు. నాకూ నేర్చుకోవాలనే ఉండేది, నేర్చుకున్నాను. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ నాలుగు ముక్కలు ఆయన చలువే. మా అత్తమ్మకు మాత్రం అది చేతకాలేదు. చివరి ఏండ్లలో ఆమె మా దగ్గరే ఉండేది, పగలంతా నాతో పొలం ముచ్చట్లు, గొర్ల ముచ్చట్లు తెగ చెప్పేది. వీధిలో కొడుకు స్కూటరు చప్పుడు వినిపించగానే మాట ఆపి, గోడకు ఆనుకుని కూర్చునేది. అదేమని అడిగితే, నా కొడుకు రేడియో లెక్క మాట్లాడ్తడు బిడ్డా, నడుమల నేనేం మాట్లాడాలె అనేది, గర్వంగానే. ఆమె అట్లా గర్వపడుతూనే, కొడుకుతో మనసారా నాలుగు మాటలు మాట్లాడకుండానే వెళ్లిపోయింది. అది రాష్ట్రం రావడానికి చాలా ముందటి సంగతి.

తెలంగాణ వచ్చిననాడు సారు పిల్లవాడిలా సంబరపడ్డారు. వీధిలో అందరికీ తన చేతులతో మిఠాయి పంచారు. ఆ తరువాత కొన్నాళ్లకే ఉద్యోగం నుంచి దిగిపోయారు. అయితే టీవీలో మన యాసలో వార్తలు చదవడం మొదలుపెడితే మటుకు మెల్లగా లేచి లోపలికి పోయేవారు. రాష్ట్రం వేరు, భాష వేరు అనేవారు. నేను ఎదురు చెప్పేదాన్ని కాదు. ఎన్నో ఏండ్ల కిందట ఆ యాసతోపాటు ఆయన దేనిని దిగమింగారో నాకప్పటికి తెలియదు.

రోజూ పొద్దున పేపరు పైకి చదవడం ఆయన అలవాటు. నేను వంటింట్లో ఉండి వింటూ పని చేసుకునేదాన్ని. ఒకనాడు చదువుతూ చదువుతూ ఆ గొంతు ఒక మాట నడుమ తెగిపోయింది. పేజీ తిప్పుతున్నారేమో అనుకున్నాను. ఎంతకూ వినిపించకపోతే బయటకు వచ్చి చూశాను. పేపరు నేల మీద ఉంది, ఆయన కుడిచెయ్యి కుర్చీ పక్కకు జారి ఉంది, కళ్లు మటుకు నన్నే చూస్తున్నాయి. మా ఎదురింట్లో ఉండే దర్జీ భాయి ఆటో పిలిచి, తానే ఎత్తి కూర్చోబెట్టి దవాఖానకు తీసుకుపోయాడు. పక్షవాతమన్నారు. ప్రాణానికి ముప్పు తప్పింది. మెల్లగా నడక కూడా వస్తుందన్నారు. మాట సంగతి మాత్రం చెప్పలేమన్నారు. తెలివంతా సరిగ్గానే ఉందట, వింటే అర్థమవుతుందట, లోపలున్న మాట బయటికి వచ్చే తొవ్వే మూసుకుపోయిందట. బతుకంతా మాటల మీద బతికిన మనిషికి దేవుడు ఇంకేదీ ముట్టకుండా సరిగ్గా దాని మీదే చెయ్యి వేశాడే అని నేను దవాఖాన మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆ తరువాతి నెలలు తలచుకోవడానికి కూడా కష్టంగా ఉంటుంది. మాట నేర్పే అమ్మాయి ఒకతె వారం వారం ఇంటికి వచ్చేది. మా అమ్మాయి కంటే చిన్నది. బొమ్మల పుస్తకం తెరిచి, ఇదేమిటి సార్, అదేమిటి సార్ అని అడిగేది. చొక్కా బొమ్మ, పళ్లెం బొమ్మ, సొరకాయ బొమ్మ. వేలమంది పిల్లలకు అక్షరాలు దిద్దించిన మనిషి ఆ బొమ్మల ముందు పెదవులు కదుపుతూ, చెమటలు కక్కుతూ కూర్చునేవారు. అది చూడలేక నేనే గబుక్కున చొక్కా అని అందించేదాన్ని. ఆ అమ్మాయి ఒకనాడు నన్ను పక్కకు పిలిచి చెప్పింది.

“మీరు అందియ్యకుండ్రి అమ్మా. మీరు అందిస్తే సారు ఎతుకుడు బంద్ చేస్తడు. ఎంతసేపైనా సరే, మీరు ఊకె ఉండుండ్రి.”

చెప్పడానికి సులువే. ఎదుటి మనిషి మాట కోసం గిలగిలలాడుతుంటే, ఆ మాట మన నాలుక చివరనే ఉండి కూడా ఊరుకోవడం ఎంత కష్టమో చేస్తేగానీ తెలియదు. వంట నేర్చుకున్నాను, కుట్టు నేర్చుకున్నాను, ఈ తెలుగు నేర్చుకున్నాను, అన్నింటికంటే కష్టంగా నేర్చుకున్నది ఊరుకోవడమే. అప్పటికి నాకు అరవైకి దగ్గర. ఆ వయసులో కొత్తగా నేర్చుకునేదేముంటుందని నా ఈడువాళ్లు అంటుంటే వింటాను. ఉంటుంది. కొన్ని పాఠాలు ఆ వయసు వచ్చేదాకా మనకోసం ఆగి ఉంటాయి.

ఎండాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం, ఆయన వసారాలో కూర్చుని ఉండగా, వీధిలోంచి గొర్ల మంద పోయింది. మేత కోసం పల్లెల నుంచి తోలుకుపోయే మందలు మా వైపు అప్పుడప్పుడు వచ్చేవి. ఒక గొర్రెపిల్ల తప్పి మా గేటులోకి దూరింది. నేను గిన్నెలు కడుగుతున్నాను. ఉన్నట్టుండి బయటి నుంచి ఒక కేక. నాలుక మడిచి, గొంతులోంచి తీసిన గొర్లకాపరి కేక. మంద వెనక వస్తున్న ముసలాయన వేసి ఉంటాడనుకుని వచ్చి చూద్దును గదా, ఆ ముసలాయనే గేటు దగ్గర నిలబడి మా వారిని వింతగా చూస్తున్నాడు. కేక వేసింది సారే. గొర్రెపిల్ల తిరిగి మందలోకి ఉరికింది. సారు నా వైపు తిరిగి, ఎడమచెయ్యి చాపి, “గొర్లు” అన్నారు. గొర్రెలు అనలేదు. గొర్లు అన్నారు.

ఆనాటి నుంచి నేను బొమ్మల పుస్తకం పక్కన పెట్టాను. ఆయనలో పుస్తకాల తెలుగంతా ఎక్కడో పూడుకుపోయింది గానీ, దాని అడుగున చిన్నప్పటి మాటలు తడి ఆరకుండా ఉన్నాయి. చొక్కా రాలేదు, అంగి వచ్చింది. సొరకాయ రాలేదు, ఆనపకాయ వచ్చింది. అన్నం రాలేదు, బువ్వ వచ్చింది. నేను ఎన్నో ఏండ్లు కష్టపడి మరిచిపోయిన మా తల్లిగారింటి మాటలన్నీ గుర్తు తెచ్చుకుని, ఇంట్లో మళ్లీ వాటితోనే మాట్లాడటం మొదలుపెట్టాను.

అయితే మాట వస్తుంటే ఆయనకు సిగ్గు కూడా వచ్చింది. తన నోట తాను దిద్దిన తప్పులే రావడం ఆయన చెవికి తెలిసేది. పాత విద్యార్థులు చూడటానికి వస్తే లోపలి గదిలోకి పోయి తలుపు వేసుకునేవారు. నాకేం చేయాలో తోచలేదు. చివరికి దారి చూపింది దర్జీ భాయి. ఆయనది ఉర్దూ సగం తెలుగు సగం, ఆడకూ మగకూ తేడా లేని తెలుగు. ఒక సాయంత్రం వచ్చి సారు పక్కన కూర్చుని చెప్పాడు.

“ఇన్నేండ్లసంది నా తెలుగు విన్నరు సార్, ఒక్కసారి నవ్విండ్రా? ఇగ మనిద్దరం బరాబర్. జర మాట్లాడుండ్రి, ఫికర్ చేయకుండ్రి.”

సారు నవ్వారు. మూతి ఒక పక్కకు లాగిన నవ్వు. అప్పటి నుంచి రోజూ సాయంత్రం ఇద్దరూ వసారాలో కూర్చుని, ఎవరికీ అర్థం కాని ఏవేవో ముచ్చట్లు చెప్పుకునేవారు.

మధ్యాహ్నాలు మాత్రం నావి. ఇన్నేండ్ల కాపురంలో నేనెరుగని సారు ఆ మధ్యాహ్నాల్లో ఒక్కొక్క మాటగా బయటికి వచ్చారు. కరువునాడు తిన్న గంజి, గొర్లతోపాటు వానకు తడిసిన సంగతి, ట్రైనింగులో నవ్వులకు తట్టుకోలేక అన్నానికి పోకుండా గదిలో పడుకున్న దినాలు. ఒక్కో ముచ్చట పూర్తి కావడానికి ఒక పూట పట్టేది. ఒకనాడు ఉన్నట్టుండి అత్తమ్మ సంగతి ఎత్తారు.

“అవ్వ... నాతోని... మాట్లాడకపాయె,” అన్నారు.

నేను ఊరుకున్నాను. ఆయన మళ్లీ వెతుకుతున్నారు. ఎడమచేత్తో తొడ మీద కొట్టుకుంటున్నారు. ఏ మాట కోసం వెతుకుతున్నారో నాకు తెలుసు. గోడకు ఆనుకుని కూర్చున్న ఆ ముసలమ్మ పక్కన ఏండ్లకేండ్లు కూర్చున్నదాన్ని, నాకు తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అదేం లేదు, ఆమెకు మీ మీద గర్వమే అని అందిస్తే ఆయన బాధ అక్కడితో చల్లారేదేమో. నోటిదాకా వచ్చింది. పైట కొంగు నోట్లో కుక్కుకుని ఊరుకున్నాను. వీధిలో ఎవరో అమ్ముకునేవాళ్లు అరుచుకుంటూ పోయారు. పొయ్యి మీద పాలు పొంగిన వాసన వచ్చింది, నేను లేవలేదు.

“నేను... నేనే... ఆపిన,” అన్నారు చివరికి.

ఆ తరువాత వెక్కి వెక్కి ఏడ్చారు. అత్తమ్మ పోయిననాడు కూడా ఆయన అట్లా ఏడవలేదు. ఆనాడు వచ్చినవాళ్లందరికీ చక్కని తెలుగులో తల్లి గొప్పతనం చెప్పారు, అందరూ మెచ్చుకున్నారు కూడా. ఆ ఏడుపు రావడానికి ఇన్నాళ్లు పట్టింది. నేను ఆయన తల నా భుజానికి ఆనించుకున్నాను, అంతే. ఓదార్పు మాట ఒక్కటి కూడా అనలేదు.

ఇంకా కొంతకాలం అట్లా గడిచింది. నిజం చెబితే మా కాపురంలో మేము ఎక్కువగా మాట్లాడుకున్నది ఆయనకు మాట పోయిన తరువాతనే. చలికాలం నడుమ ఒక పొద్దున నేను వసారాలో కూరగాయలు తరుగుతుంటే, ఆయన కుర్చీలోంచి నన్ను చూసి, “ఇగం పెడ్తాంది, శాలువ కప్పుకో,” అన్నారు. నడుమ ఎక్కడా ఆగలేదు. అంత నిండు వాక్యం ఆయన నోట విని ఎంతకాలమైందో. ఆ సంతోషంలో శాలువ సంగతే మరిచి, భాయికి చెప్పాలని ఎదురింటికి ఉరికాను. ఆ మధ్యాహ్నమే ఆయనకు రెండోసారి పక్షవాతం వచ్చింది. ఈసారి దవాఖానదాకా కూడా పోలేదు.

పాలమూరు ఇల్లు ఖాళీ చేసి ఇక్కడికి, అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. బిడ్డా అల్లుడూ ఇద్దరూ మంచివాళ్లు, ఇద్దరూ ఉద్యోగాలకు పోతారు. ఇంట్లో అందరూ వేగంగా మాట్లాడతారు. ఒకరి మాట ముగియకముందే ఇంకొకరు అందుకుంటారు, ఫోన్లలోనూ అంతే. మొన్నామధ్య వాళ్లిద్దరూ ఏదో గుసగుసలాడుకుని నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. ఏదైనా అడిగితే నేను వెంటనే జవాబు చెప్పడం లేదట, చూస్తూ కూర్చుంటున్నానట, చెవుడు వచ్చిందేమోనని భయపడ్డారట. డాక్టరు పరీక్షలన్నీ చేసి, చెవులు బాగానే ఉన్నాయన్నాడు. మరెందుకమ్మా అట్ల చూస్తవు అని తిరిగి వచ్చే దారిలో అమ్మాయి అడిగింది.

ఏం చెప్పను? ఎదుటి మనిషి మాట ఆపగానే, ఇంకా ఏదో రావలసి ఉందని నాకనిపిస్తుంది. అది వచ్చేదాకా ఆగుదామని ఊరుకుంటాను. వాళ్లు అప్పటికే లేచి వెళ్లిపోతారు.