మండీ మావయ్య కొన్న మెత్తటి బూట్లు

ఆ రోజుల్లో (మరీ తాతల కాలం కాదు లెండి, అందరి చేతుల్లోకీ పెద్ద ఫోన్లు వచ్చేశాకే) మా నూజివీడులో బూట్లు రెండే రకాలు. బడికి వేసుకునే నల్లవి, డ్రిల్లు మాస్టారు తిడితే కొనే తెల్లవి. ఇప్పుడు పొద్దున్నే గ్రౌండుకి వెళ్లి చూడండి. రిటైరైన పెద్దమనుషులు సైతం కాళ్ల కింద చెరో దిండు కట్టుకుని తిరుగుతున్నారు. మోకాళ్లకి మంచిదట, నడుముకి మంచిదట. అంత మంచి బూట్లేసుకుని గ్రౌండు చుట్టూ ఓ రెండు చుట్లు తిరిగి, ఎదురుగా ఉన్న హోటల్లో ఇడ్లీ మీద నెయ్యి పోయించుకుంటారు. ఆ ఎత్తు బూట్లు ఊరందరికంటే ముందు వేసుకున్న ఘనత నాది. ఊళ్లో ఆ సంగతి చాలామందికి గుర్తు లేదు. గుర్తున్న కొద్దిమంది మాత్రం నేను కనిపిస్తే నవ్వు ఆపుకుంటారు.

అప్పుడే డిగ్రీ అయింది. కాలేజీలో దూరపు పరుగుల్లో ఏవో కొన్ని కప్పులు తెచ్చుకుని, దేశం నా కోసమే ఎదురుచూస్తోందని గట్టిగా నమ్ముతున్న రోజులు. హైదరాబాదులో ఒక ఏడాది కోచింగ్ తీసుకుంటానని ఇంట్లో సత్యాగ్రహం మొదలుపెట్టాను. మా నాన్నకి బస్టాండు దగ్గర కిరాణా కొట్టు. ఆయన దేనికీ అరవడు, బేరం పెడతాడు. "విజయవాడలో పది కిలోమీటర్ల పరుగు పెడుతున్నారంటగా. అందులో మొదటి ముగ్గురిలో రా అమ్మా, నేనే దగ్గరుండి హైదరాబాదు పంపిస్తాను. రాలేదనుకో, మర్నాటి నుంచి కొట్లో కౌంటర్ నీది. సరేనా?" అన్నాడు. సరేనన్నాను. కౌంటరంటే నా దృష్టిలో జైలు. బెల్లం దిమ్మల పక్కన కూర్చుని, ఈగల్ని తోలుకుంటూ, ఆవాలూ జీలకర్రా పొట్లాలు కడుతూ ముసలిదాన్నైపోయినట్టు ఊహించుకుంటే అన్నం సయించేది కాదు. (ఊహించుకున్న ప్రతిసారీ రెండోసారి వడ్డించుకుని తిన్నానని మా అమ్మ అంటుంది. ఆవిడ మాటలు పట్టించుకోకండి.)

మండీ మావయ్య అంటే మా అమ్మకి పెద్దన్నయ్య, మామిడి కమీషన్ వ్యాపారి. ఆయన లెక్కలో కాయని చూసి కొనేవాడు చిల్లర బేరగాడు. అసలు వ్యాపారి పూత మీదే తోట కొనేస్తాడు. అప్పటికి చెట్టుకి పూత తప్ప ఇంకేమీ ఉండదు. అది నిలుస్తుందో, మంచుకి మాడి రాలిపోతుందో దేవుడికే తెలియాలి. అయినా సరే, ఈయన చేతులు వెనక్కి కట్టుకుని చెట్ల మధ్య ఒక చుట్టు తిరిగి బేరం ఖాయం చేసేస్తాడు. ఇక ఆ క్షణం నుంచి కోత అయ్యేదాకా ఆ పంట ఆయనది. ఆ పూత కాలంలోనే ఓ రోజు మా ఇంటికి భోజనానికి వచ్చి, నా గొడవంతా విని, నన్ను నిలబెట్టి నా చుట్టూ కూడా సరిగ్గా అలాగే ఒక చుట్టు తిరిగాడు.

"బావగారూ, పిల్ల మీద పూత బాగుందండీ. నేను తీసుకుంటాను" అన్నాడు.

మా అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. "తీసుకోవడమేంటన్నయ్యా?"

"స్పాన్సరే! క్రికెట్టు వాళ్లకి కంపెనీలు ఇవ్వట్లా? బూట్లు, టీషర్టు, ఖర్చులు అన్నీ నావి. గెలిస్తే పేరు మన మండీది."

నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. స్పాన్సర్ ఉన్న క్రీడాకారిణి నూజివీడు చరిత్రలో నేనొక్కతెనే అయ్యుంటాను. ఆ రాత్రి అద్దం ముందు నిలబడి ఇంటర్వ్యూ కూడా ఇచ్చుకున్నాను.

తోట కొన్నవాడు కాపలా పెట్టకుండా ఉండడు కదా. నాకూ పెట్టాడు. మావయ్య తోటల్లో కోతుల్నీ చిలకల్నీ తోలడానికి ఒక పెద్దాయన ఉండేవాడు. పొద్దస్తమానం నూనె డబ్బా వాయిస్తూ తిరుగుతాడు కాబట్టి అందరూ డబ్బా తాత అనేవాళ్లు. మర్నాటి నుంచి నేను తెల్లవారుజామున చాట్రాయి రోడ్డు మీద పరుగు మొదలుపెడితే, వెనకాలే మోపెడ్ మీద డబ్బా తాత. ఎదురుగా కుక్క కనిపించినా, గేదె కనిపించినా, కాలేజీ కుర్రాడు కనిపించినా ఒకటే వాయింపు. ఆ మోతకి రోడ్డుకి అటూ ఇటూ ఉన్న తోటల వాళ్లందరూ కోతులు పడ్డాయేమోనని కర్రలు పట్టుకుని బయటికి వచ్చేవాళ్లు. వచ్చి చూస్తే నేను. "తాతా, ఆ డబ్బా ఆపు, పరువు పోతోంది" అంటే, "అయ్యగారు అప్పజెప్పిన పంట అమ్మాయిగారూ, ఆపితే ఊరుకోరు" అనేవాడు. ఒకందుకు మేలే జరిగింది. ఆ సిగ్గుతో నా వేగం బాగా పెరిగింది.

పరుగు పందెం ఇంకో వారం ఉందనగా బూట్లు దిగాయి. మావయ్య ఎక్కడో ఫోనులో వెతికి, ఉన్నవాటిలోకెల్లా మందమైన అడుగున్నవి తెప్పించాడు. అవి బూట్లంటే ఎవరూ నమ్మరు. పరుపుల కొట్లో మిగిలిన ముక్కలకి తాళ్లు కట్టినట్టున్నాయి. ఆయన అడుగు భాగాన్ని బొటనవేలితో నొక్కి చూశాడు. అలవాటు చొప్పున ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూశాడు. రబ్బరు వాసన కొట్టినట్టుంది, మొహం కాస్త చిన్నబోయింది.

"చూడు కోడలు పిల్లా, కాయని లారీకెత్తేటప్పుడు కింద గడ్డి ఎంత మందంగా వేస్తే దెబ్బ అంత తక్కువ. ఢిల్లీ దాకా వెళ్లినా మచ్చ పడదు. నీ కాలూ అంతే."

"అయితే ఇవ్వండి మావయ్యా, రేపట్నుంచి వీటితోనే ప్రాక్టీసు చేస్తాను" అన్నాను.

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "సరుకు మార్కెట్టుకి చేరకుండా పెట్టె విప్పుతారా ఎక్కడైనా?" అని, వాటిని తీసుకెళ్లి మండీలో తన గద్దె పక్కన అద్దాల బీరువాలో పెట్టించాడు. వచ్చినవాళ్లందరికీ చూపించి కాఫీలు ఇప్పించేవాడు. నేను మాత్రం అరిగిపోయిన పాత బూట్లతో, డబ్బా సంగీతంతో సాధన కానిచ్చాను.

పందెం ముందురోజు సాయంత్రం ముహూర్తం చూసి మండీకి రమ్మన్నాడు. పూత కాలం కదా, సరుకు లేక మండీ బోసిగా ఉంది. మధ్యలో ముగ్గు వేసి, ఆ ముగ్గులో బూట్లు పెట్టి, పక్కన కొబ్బరికాయ, కర్పూరం, గుమ్మడికాయ సిద్ధం చేశారు. కొత్త లారీ కొంటే ఏం చేస్తారో అదంతా చేయాలని మావయ్య సంకల్పం. "చెప్పులకి బొట్టు పెడతారుటండీ ఎవరైనా? కళ్లు పోతాయి" అని అత్తయ్య మొత్తుకుంది. "చెప్పులేంటే! ఇంత ఎత్తున్నాయి, అవి టైర్లు" అని మావయ్య తేల్చేశాడు. బొట్లు పెట్టారు. దండ వేశారు. నేను ఆ బూట్లేసుకుని నిలబడ్డాను. పరుపు మీద నిలబడినట్టు ఒళ్లంతా ఊగుతోంది. అప్పుడు నిమ్మకాయలు తెచ్చారు. లారీకైతే చక్రానికొకటి చొప్పున పెడతారు కాబట్టి, నాకు కాలికొకటి పెట్టారు.

"ఊఁ, తొక్కు" అన్నాడు మావయ్య.

తొక్కాను. చప్పుడు లేదు. అందరూ వంగి చూశారు. కాలు ఎత్తితే నిమ్మకాయలు రెండూ నవనవలాడుతూ ఉన్నాయి. ఆ అడుగులోని మెత్త వాటిని ఒళ్లో పెట్టుకుని కాపాడినట్టుంది. (అంత ఖరీదైన సౌకర్యం ఆ ఊళ్లో ఇంకే నిమ్మకాయా అనుభవించి ఉండదు.) మండీలో అందరి మొహాలూ పాలిపోయాయి. నిమ్మకాయ చితక్కపోతే దిష్టి పోనట్టే.

"మళ్లీ తొక్కు. గట్టిగా."

మళ్లీ తొక్కాను. మళ్లీ అదే.

"లాభం లేదు, ఎగిరి తొక్కవే!"

నాకు అప్పటికే భయంగా ఉంది. కానీ స్పాన్సర్ మాట కదా, ఎగిరాను. ఎడమ కాలి కింది నిమ్మకాయ ఒక పక్కకి, అంత ఎత్తు బూటు ఇంకో పక్కకి వెళ్లిపోయాయి. నేను ఖాళీ గోనె సంచుల మీద పడ్డాను. చీలమండ దగ్గర కలుక్కుమంది. మావయ్య పరుగున వచ్చి, ముందు నిమ్మకాయని ఏరి చేత్తో పట్టుకుని, "చూడండి, ఇప్పటికీ చితకలేదు" అన్నాడు బాధగా.

అత్తయ్య పసుపూ సున్నం పట్టు వేసింది. తెల్లారేసరికి కాలు బూరెలా పొంగింది. ఎవరైనా ఏం చేస్తారు, మానేస్తారు. కానీ మానేస్తే కౌంటర్. అందుకని "తగ్గిపోయిందండీ, ఏం లేదు" అని నవ్వుతూ మావయ్య వ్యాను ఎక్కాను. ఆయన ఇచ్చిన టీషర్టు వేసుకున్నాను. దాని మీద మండీ పేరు, చేతులు జోడించిన మావయ్య ఫోటో, ఫోను నంబరు, కింద పెద్ద అక్షరాలతో "హోల్‌సేల్‌గా కొనబడును, అమ్మబడును". విజయవాడలో పరుగు మొదలైంది. అందరూ వెళ్లిపోయారు. నేను కుంటుతున్నాను. కాసేపటికి తాతలు దాటిపోయారు, బొజ్జలున్న బ్యాంకు ఉద్యోగులు దాటిపోయారు, సెల్ఫీలు దిగుతూ వచ్చిన ఒక కుటుంబం నన్ను కూడా ఫోటోలో కలుపుకుని దాటిపోయింది. బూట్ల గురించి అబద్ధం చెప్పకూడదు. వాటిలో కుడి కాలికి స్వర్గంలా ఉంది. చివరికి నా వెనక అంబులెన్సు ఒక్కటే మిగిలింది. "అమ్మా, ఎక్కండమ్మా, మేమూ ఇళ్లకి వెళ్లాలి" అని అందులోవాళ్లు మైకులో బతిమాలారు. నేను ఎక్కలేదు. మొదటి ముగ్గురూ ఎప్పుడో ఇళ్లకి చేరి టిఫిన్లు చేసి ఉంటారని తెలుసు. అయినా, నడుస్తున్నంతసేపూ కౌంటర్ ఇంకా రాలేదని ఏదో పిచ్చి లెక్క.

నేను గీత దాటేసరికి షామియానా విప్పేస్తున్నారు. ఆఖరిదాన్ని కాబట్టి ఉన్న ఫోటోగ్రాఫర్లందరూ నా చుట్టూ మూగారు. "పట్టుదల చూడండి" అంటూ మర్నాడు పేపరు జిల్లా పేజీలో నా బొమ్మ వేశారు. టీషర్టు మీది ఫోను నంబరు సైతం స్పష్టంగా పడింది. ఢిల్లీ నుంచి కాకపోయినా రాజమండ్రి నుంచి మావయ్యకి ఫోన్లు వచ్చాయట. అసలు ఆ రోజు గీత దగ్గరే ఆయన ఆనందం పట్టలేకపోయాడు. "గెలిచినవాడిని ఎవడు చూశాడే? రెప్పపాటులో వెళ్లిపోయాడు, బనీను మీద పేరు కూడా కనపళ్లేదు. నిన్ను ఊరంతా తీరిగ్గా చదువుకుంది! వచ్చే ఏడూ నేనే స్పాన్సరు. ఇలాగే ఆఖర్న రా" అని ఫోటోగ్రాఫర్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

అప్పుడు కనిపించాడు మా నాన్న. కొట్టు మూసి, మొదటి బస్సుకే వచ్చి, ఎప్పుడు వచ్చాడో ఏమో అక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పెళ్లిళ్లకి కూడా కొట్టు మూయని మనిషి. నన్ను కూర్చోబెట్టి, కింద కూర్చుని నా బూటు తాళ్లు విప్పడం మొదలుపెట్టాడు.

"అంబులెన్సు ఎక్కమన్నారంటగా. ఎందుకెక్కలేదమ్మా?"

"ఎక్కితే రేపట్నుంచి కౌంటర్లో కూర్చోవాలిగా" అన్నాను.

ఆయన చేతులు ఆగాయి. కోపం లేదు, కనీసం చిన్నబుచ్చుకున్నట్టు కూడా లేదు. నిజంగా తెలుసుకుందామన్నట్టు నా మొహంలోకి చూశాడు. "అక్కడ కూర్చోవడం అంత కష్టంగా ఉంటుందా? నువ్వు పుట్టకముందు నుంచీ కూర్చుంటున్నాను, నాకెప్పుడూ తట్టలేదే" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. కాలు నొప్పనుకున్నాడు, పాపం, ఇంకా మెల్లగా విప్పాడు.

మాట ప్రకారం మర్నాడు కౌంటర్లో కూర్చున్నాను, కట్టు కట్టిన కాలు పప్పు బస్తా మీద పెట్టుకుని. కాలు బాగయ్యేసరికి నాన్నే, "నువ్వు కందిపప్పు అడిగిన వాళ్లకి పెసరపప్పు ఇస్తున్నావమ్మా, బేరాలు పోతున్నాయి. హైదరాబాదు వెళ్లు" అని పంపించేశాడు. బేరాలేమీ పోలేదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. ఏడాది కోచింగ్‌లో తేలిందేమిటంటే నేను చాలా మామూలు పరుగు మనిషినని. దేశం నిరాశపడిన దాఖలాలేవీ కనిపించలేదు.

ఇప్పుడు చింతలపూడిలో ఒక స్కూల్లో పిల్లలకి పరుగులు నేర్పుతున్నాను. ఆదివారాలు నూజివీడు వచ్చి, నాన్న వేడివేడిగా భోజనం చేసి వచ్చేదాకా కౌంటర్లో కూర్చుంటాను. మధ్యాహ్నం పూట బేరాలుండవు. రోడ్డు మీద ఆటోలు, బస్సులు, ఎండ. కొట్లో మాత్రం చల్లగా, హాయిగానే ఉంటుంది. అలా కూర్చున్నప్పుడు ఒక్కోసారి ఆ కుంటుతున్న పిల్ల కళ్ల ముందుకి వస్తుంది. పళ్లు బిగించుకుని, ఆ వాచిన కాలితో ఈ కుర్చీకి దూరంగా ఎంత గబగబా నడవాలని చూస్తోందో. నవ్వొస్తుంది. పిలిచి, చల్లటి సోడా ఒకటి కొట్టి చేతిలో పెట్టి, కాస్త మెల్లగా నడవవే తల్లీ, నిన్నెవరూ తరమడం లేదు అని చెప్పాలనిపిస్తుంది.